ఆన్‌లైన్ సోషల్ డిడక్షన్ గేమ్స్: కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసిన గుంపుకి ఏది ముందు, ఏది తర్వాత

సోషల్ డిడక్షన్ గేమ్ అంటే కొందరు రహస్యంగా దొంగ పక్షాన ఉండి బుకాయిస్తుంటే, మిగతావాళ్లు మాటలతో, ఓట్లతో వాళ్లని పట్టుకునే ఆట. గుంపులో ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. ముగ్గురికి ఈ తరహా ఆటలే కొత్త, ముగ్గురు అమాంగ్ అస్ ఆడారు, మిగతా ఇద్దరు అవలాన్‌లో తలపండినవాళ్లు. అందరూ కలిసి ఆడాలంటే ఏ ఆట పెట్టాలి? చాలామంది రూల్స్ ఎంత పొడుగున్నాయో చూసి నిర్ణయిస్తారు. దాంతో లెక్క తప్పుతుంది. స్పైఫాల్ రూల్స్ రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు, కానీ మొదటి ఆటలోనే స్పై పాత్ర పడిన మనిషి నోరు పెగలక బిక్కమొహం వేస్తాడు. అవలాన్ రూల్స్ చెప్పడానికి పావుగంట పడుతుంది, అయినా అందులో మామూలు సేవకుడి పాత్ర వచ్చినవాళ్లు ఓట్లు వేసుకుంటూ మొదటి ఆట సులువుగానే దాటేస్తారు.

అందుకే చూడాల్సింది వేరే ఉంది. గుంపులో అందరికన్నా కొత్త మనిషికి ఆటలోకెల్లా కష్టమైన పాత్ర పడితే ఏమవుతుంది? నమ్మేలా బుకాయించడానికి ఆ మనిషికి ఎన్ని విషయాలు తెలిసి ఉండాలి? మంచి పక్షంలో ఉన్న కొత్తవాళ్లు మౌనంగా ఉన్నా ఆట సాగుతుంది. దొంగ పాత్రలో ఉన్న కొత్తవాళ్లు తడబడితే పది నిమిషాల్లో ఆట ముగుస్తుంది, ఎనిమిది మంది సాయంత్రం పాడవుతుంది. కింది వరుస ఈ ప్రశ్న మీద వేసిందే. దీని తర్వాత చూడాల్సినవి మూడు: ఆటలో దొరికే సమాచారం నమ్మదగినదేనా, ఔటైనవాళ్లు ఎంతసేపు ఖాళీగా కూర్చోవాలి, నడిపించడానికి ఆడని మనిషి ఒకరు కావాలా.

మొదటి మెట్టు: మాటల ఆటలు

బొత్తిగా కొత్తవాళ్లతో మొదలుపెట్టడానికి అండర్‌కవర్‌ని మించింది లేదు. ఎక్కువమందికి ఒకే పదం వస్తుంది, అండర్‌కవర్‌కి దానికి దగ్గరగా ఉండే ఇంకో పదం వస్తుంది. ఒక్కొక్కరూ తమ పదం గురించి ఒక ముక్క చెబుతారు, తర్వాత ఓటు. ఇందులో అసలు సుళువు ఏమిటంటే, తానే అండర్‌కవర్ అని ఆ మనిషికి మొదట్లో తెలియదు. అబద్ధం ఆడాలన్న బెరుకే ఉండదు. రెండో వంతు వచ్చేసరికి ‘నా పదం వేరేలా ఉందే’ అని తట్టి, అప్పుడు మెల్లగా దారి మార్చుకుంటారు. ఏ పదమూ రాని మిస్టర్ వైట్‌ని మాత్రం మొదటి రెండు రౌండ్లలో తీసేయండి. ఆ పాత్ర అనుభవం ఉన్నవాళ్లకే.

స్పైఫాల్ దీనికి ఒక మెట్టు పైన ఉంటుంది. 3 నుంచి 8 మంది, రౌండుకి 8 నిమిషాలు. స్పైకి తప్ప అందరికీ ఒక స్థలం పేరు తెలుస్తుంది. ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటారు. స్పై ఎప్పుడైనా ఆట ఆపి స్థలం పేరు చెప్పేయొచ్చు, సరిగ్గా చెబితే గెలుపు తనదే. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: ఆటలో ఉండగల స్థలాల జాబితా అందరి కళ్ల ముందూ ఉండదు. పాతవాళ్లకి జాబితా కంఠతా వచ్చు, కొత్త స్పైకి ఊహించడానికి ఆధారమే ఉండదు. జాబితాని చాట్‌లో పిన్ చేయండి. స్థలాలు మరీ ఎక్కువైతే పన్నెండుకి కుదించండి. కొత్త స్పై పడే అవస్థ సగం తగ్గుతుంది.

రెండో మెట్టు: అమాంగ్ అస్, దాని తర్వాత గూస్ గూస్ డక్

అమాంగ్ అస్ 2018లో వచ్చింది, 2020లో ప్రపంచమంతా పాకింది. 4 నుంచి 15 మంది ఆడొచ్చు. క్రూమేట్లు టాస్కులు, అంటే చిన్న చిన్న పనులు చేస్తుంటారు, వాళ్లలో కలిసిపోయిన ఇంపోస్టర్ (ఇక్కడి దొంగ) ఒక్కొక్కరినీ చంపుతుంటాడు, మీటింగుల్లో మాట్లాడుకుని ఓటేసి వాణ్ణి బయటికి పంపాలి. ఇంపోస్టర్ ఏం చెప్పాలో ఆటే అందిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి నప్పుతుంది. ‘ఎక్కడున్నావ్’ అంటే గది పేరు చెప్పాలి, ‘ఏం చేస్తున్నావ్’ అంటే టాస్క్ పేరు చెప్పాలి. ఇంపోస్టర్ తెర మీద దొంగ టాస్కుల జాబితా కూడా కనిపిస్తుంది. తెలియాల్సిందల్లా మ్యాపు. గదుల పేర్లు తెలియని ఇంపోస్టర్ మొదటి మీటింగులోనే దొరికిపోతాడు. అందుకని ఆటకి ముందు ఫ్రీప్లే మోడ్‌లో ది స్కెల్డ్ మ్యాపు ఒక్కసారి తిరిగి రమ్మనండి. అయిదు నిమిషాలు చాలు.

సెట్టింగుల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పాతవాళ్లు తమకి అలవాటైన సెట్టింగులే పెట్టేస్తారు, కొత్తవాళ్లకి ఆట అంతుపట్టదు. కొత్తవాళ్లున్నప్పుడు ఏడుగురి వరకు ఒక్క ఇంపోస్టర్, ఎనిమిది నుంచి పది మందికి ఇద్దరు. ఔటైన మనిషి ఇంపోస్టరో కాదో చెప్పే కన్ఫర్మ్ ఎజెక్ట్స్ ఆన్‌లో ఉండాలి. ఓట్లు ఎవరు ఎవరికి వేశారో కనిపించాలి, అంటే అనానిమస్ ఓటింగ్ ఆఫ్. టాస్కులు ఎంతవరకు అయ్యాయో చూపే టాస్క్ బార్ ఎప్పటికప్పుడు కదిలేలా పెట్టండి. కిల్ కూల్‌డౌన్, అంటే ఒకరిని చంపాక మళ్లీ చంపడానికి ఇంపోస్టర్ ఆగాల్సిన సమయం, 30 సెకన్ల దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. 2021 నవంబరులో చేర్చిన ఇంజనీర్, సైంటిస్ట్, గార్డియన్ ఏంజెల్, షేప్‌షిఫ్టర్ పాత్రలన్నీ సున్నా.

విజువల్ టాస్కుల సంగతి విడిగా చెప్పాలి. అవి ఆన్‌లో ఉంటే మెడ్‌బే స్కాన్ చేసేవాళ్లు పక్కవాళ్లకి కనిపిస్తారు, వాళ్లు దొంగలు కాదని తేలిపోతుంది. క్రూమేట్లకి ఇది మంచి ఊతం. అయితే ఇది తెలియని కొత్త ఇంపోస్టర్ ‘స్కాన్ చేస్తున్నా’ అని నలుగురి ముందు నిలబడి పట్టుబడతాడు. కాబట్టి ఆన్ చేయండి, కానీ ఏ టాస్కులు కళ్లకి కనిపిస్తాయో ముందే అందరికీ చెప్పండి. రెండు మూడు ఆటల తర్వాత ఆఫ్ చేస్తే వాదనకి చోటు పెరుగుతుంది.

ఈ ఆటకి చెయ్యి తిరగడం కూడా కావాలి. తెర మీద బొమ్మని నడపడం అలవాటు లేనివాళ్లకి ఆలోచన ఎంత పదునుగా ఉన్నా ఇది నచ్చదు. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా మూడోదానికి పోవడమే మేలు.

గూస్ గూస్ డక్ చూడ్డానికి దీని తమ్ముడిలా ఉంటుంది, ఆడితే సంగతి వేరు. పాత్రలు చాలా ఎక్కువ, పైగా ఏ పక్షానికీ చెందని డోడో లాంటివి ఉంటాయి. తనకి ఓటు వేయించుకుని ఔటైతే డోడో గెలుస్తుంది. ‘అనుమానంగా ఉంటే ఓటెయ్యి’ అని ఇప్పుడే నేర్చుకున్న మనిషికి ఇది తలకిందులైన పాఠం. అమాంగ్ అస్ కనీసం నాలుగైదు ఆటలు ఆడాకే దీని జోలికి వెళ్లండి.

మూడో మెట్టు: రెసిస్టెన్స్, అవలాన్, సీక్రెట్ హిట్లర్

ఔటైపోవడం దాదాపు ఉండదు, రాత్రి చంపడాలు ఉండవు, నడిపే మనిషి అక్కర్లేదు, ఆడేది 5 నుంచి 10 మంది. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే సైట్లు ఉన్నాయి. మిశ్రమ గుంపుకి ఇంతకన్నా అనువైన ఆటలు లేవు. కాకపోతే వాటిని పాతవాళ్ల పద్ధతిలో మొదలుపెట్టకూడదు.

ముందు ప్రత్యేక పాత్రలేవీ లేని రెసిస్టెన్స్ ఒక్క ఆట ఆడండి. ఇందులో దొంగలు గూఢచారులు. ఒకరు మిషన్‌కి జట్టుని ప్రతిపాదిస్తారు, అందరూ దాని మీద ఓటేస్తారు, ఒప్పుకున్న జట్టులోనివాళ్లు రహస్యంగా పాస్ లేదా ఫెయిల్ కార్డు వేస్తారు, ఒక్క ఫెయిల్ పడినా మామూలుగా మిషన్ చెడుతుంది. అయిదుగురుంటే ఇద్దరు గూఢచారులు, మిషన్లకి వెళ్లే జట్లు వరసగా 2, 3, 2, 3, 3 మంది. ఎనిమిది మందికి ముగ్గురు గూఢచారులు, జట్లు 3, 4, 4, 5, 5. మూడు మిషన్లు ఎవరు నెగ్గితే వాళ్లదే ఆట. ఏడుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే నాలుగో మిషన్ చెడటానికి రెండు ఫెయిల్ కార్డులు కావాలి. వరసగా అయిదు జట్లని ఓటింగులో తిరస్కరిస్తే గూఢచారులే గెలుస్తారు. ఈ చివరి రూల్ చెప్పడం మర్చిపోతే కొత్తవాళ్లు జాగ్రత్త అనుకుని ప్రతి జట్టునీ వద్దంటూ పోయి, ఆట ఎందుకు ఓడామో తెలియక గింజుకుంటారు.

కొత్త గూఢచారులు చేసే తప్పులు రెండే రెండు, ప్రతిచోటా అవే. అయిదుగురి ఆటలో మొదటి జట్టు ఇద్దరే. అందులో ఫెయిల్ వేస్తే అనుమానం ఇద్దరి మీదకి కుదించుకుపోతుంది. అక్కడ పాస్ వేసి నమ్మకం సంపాదించుకోవడమే మంచిది. రెండోది, ముగ్గురి జట్టులో గూఢచారులిద్దరూ పడి ఇద్దరూ ఫెయిల్ వేసేయడం. ఎన్ని ఫెయిల్ కార్డులు పడ్డాయో అందరికీ కనిపిస్తుంది కాబట్టి మూడో మనిషికి ఆ ఇద్దరూ ఎవరో ఆ క్షణమే తెలిసిపోతుంది. ఈ రెండు సంగతులూ ఆటకి ముందు అందరికీ బాహాటంగా చెప్పేయండి. ఎవరికీ విడిగా చెప్పినట్టు ఉండదు, ఎవరి గుట్టూ బయటపడదు.

రెండో ఆటకి, ఇదే ఆటకి ప్రత్యేక పాత్రలు చేర్చిన అవలాన్‌లోని మెర్లిన్‌ని (మంచి పక్షం), అసాసిన్‌ని (దొంగ పక్షం) కలపండి. మెర్లిన్‌కి దొంగలెవరో తెలుసు. కానీ మూడు మిషన్లు మంచివాళ్లు నెగ్గాక అసాసిన్ మెర్లిన్‌ని గుర్తుపడితే ఆట చేజారుతుంది. అవలాన్‌లో కష్టమైన కుర్చీ దొంగది కాదు, మెర్లిన్‌దే. కొత్త మెర్లిన్ అయితే మొదటి జట్టుకే ‘వద్దు, వాళ్లిద్దరూ ఉండకూడదు’ అని పట్టుబడతాడు, లేదా పూర్తిగా మాట మానేస్తాడు. పాతవాళ్లు ఇక్కడొక సాయం చేయొచ్చు: తమకి మెర్లిన్ పడకపోయినా కాస్త ధీమాగా, తెలిసినట్టు మాట్లాడాలి. అసాసిన్ చూపు అటు మళ్లుతుంది. ఈ రెండు పాత్రలు నలిగాక మెర్లిన్ ఎవరో తెలిసే పెర్సివల్, అతనికి మెర్లిన్‌లా కనిపించే దొంగ మోర్గానా. మెర్లిన్‌కి కనిపించని దొంగ మోర్డ్రెడ్, తోటి దొంగలకే తెలియని ఒబెరాన్‌లు అందరూ కనీసం ఓ అయిదారు ఆటలు ఆడాకే. ఒకటి గుర్తుంచుకోండి, ఏడుగురి ఆటలో మంచివాళ్లు నలుగురు, దొంగలు ముగ్గురు. మంచి పక్షానికి అది గట్టి పరీక్ష. కొత్తవాళ్లుంటే ఆరుగురితోనో ఎనిమిది మందితోనో మొదలుపెట్టడం తేలిక.

సీక్రెట్ హిట్లర్ రూల్స్ అవలాన్ కన్నా ఎక్కువ, దొంగ పాత్రకి మాత్రం దానికన్నా తేలిక. కారణం కార్డుల కట్టలో ఉంది. మొత్తం 17 కార్డులు: మంచి పక్షానికి కలిసొచ్చే లిబరల్ 6, దొంగ పక్షానికి కలిసొచ్చే ఫాసిస్టు 11. అధ్యక్షుడు మూడు తీసి ఒకటి పారేస్తాడు, చాన్సలర్ మిగిలిన రెంటిలో ఒకటి అమలు చేస్తాడు. కొత్త కట్టలోంచి తీసిన మూడూ ఫాసిస్టువే అయ్యే అవకాశం 680లో 165, అంటే దాదాపు నాలుగింట ఒకసారి. కాబట్టి ‘నాకు మూడూ అవే వచ్చాయి, నేనేం చెయ్యను’ అనే మాట ఎవరి నోట విన్నా నమ్మదగ్గట్టే ఉంటుంది. కొత్త ఫాసిస్టుకి ఆ ఒక్క వాక్యం చాలు.

అలాగని బుకాయింపు ఎల్లకాలం చెల్లదు. మధ్యలో ఎన్నికలు మూడుసార్లు విఫలమై కార్డు నేరుగా తిరగకపోతే, అయిదు ప్రభుత్వాలకి 15 కార్డులు అయిపోతాయి, కట్టలో రెండే మిగులుతాయి. లిబరల్ కార్డులు మొత్తం ఆరు కాబట్టి ఆ పదిహేనులో కనీసం నాలుగు ఉండి తీరాలి. అధ్యక్షులు చెప్పిన లెక్కలన్నీ కలిపినా మూడే వస్తే ఎవరో ఒక లిబరల్ కార్డుని దాచి పారేశారని తేలినట్టే. ఒకరు చాట్‌లో ఈ లెక్క రాస్తూ ఉంటే చాలు, లెక్కలంటే ఇష్టపడే మనుషులు ఈ ఆటని వదలరు.

5, 6 మంది ఆటలో ఫాసిస్టుల రహస్య నాయకుడైన హిట్లర్‌కి తన తోటి ఫాసిస్టు తెలుసు. ఏడుగురు, అంతకు మించి ఉంటే తెలియదు. కాబట్టి మొదటిసారి ఆరుగురితో ఆడటం నయం. ఎనిమిది మంది ఉంటే అవలాన్ వైపు మొగ్గండి. ఇంకో సంగతి, ఆట పేరూ ఇతివృత్తమూ కొందరికి ఇబ్బందిగా ఉంటాయి. ముందే అడిగి తెలుసుకోండి. మొహమాటానికి ఒప్పుకున్న మనిషి ఆటలో మనసు పెట్టలేడు.

మధ్యలో నిలిచే ఆట: వన్ నైట్ అల్టిమేట్ వేర్‌వుల్ఫ్

3 నుంచి 10 మంది, ఒక్క రాత్రి, ఒక్క పగలు, పది నిమిషాల్లో అయిపోతుంది. పొట్టిగా ఉంది కదా అని దీన్ని మొదటి మెట్టులో పెట్టేస్తుంటారు. పెట్టకూడదు. రాత్రి రాబర్ ఒకరి కార్డు మార్చుకుంటాడు, ట్రబుల్‌మేకర్ ఇద్దరి కార్డులు తారుమారు చేస్తాడు. తెల్లారేసరికి మీరు తోడేలో (ఇక్కడి దొంగ) కాదో మీకే తెలియదు. ఏ పక్షాన వాదించాలో తేలని స్థితి కొత్తవాళ్లని తికమక పెడుతుంది. అవలాన్ ఆడినవాళ్లకి మాత్రం ఇది విందు. మొదటిసారి ట్రబుల్‌మేకర్‌ని, తన కార్డుని చూడకుండానే మధ్యలోని కార్డుతో మార్చుకునే డ్రంక్‌ని తీసేసి తోడేళ్లు, రాత్రి కార్డులు చూసే సీర్, రాబర్, ఊరివాళ్లతో ఆడండి. ఆటగాళ్ల కన్నా మూడు కార్డులు ఎక్కువ ఉండాలని, అవి మధ్యలో పెట్టాలని మరవకండి. ఒంటరి తోడేలు మధ్యలోని ఒక కార్డు చూసుకోవచ్చు, ఆ పాత్రే తనదని చెప్పుకుంటే కాదనేవాళ్లు సాధారణంగా ఉండరు.

నాలుగో మెట్టు: రాత్రిపగలు మాఫియా, టౌన్ ఆఫ్ సేలం

ఈ ఆటలన్నిటికీ మూలం మాఫియా, 1980ల్లో మాస్కోలో దిమిత్రీ దావిదోవ్ మొదలుపెట్టింది. రాత్రి మాఫియా ఒకరిని చంపుతుంది, పగలు ఊరంతా ఓటేసి ఒకరిని తీసేస్తుంది, మాఫియా మిగతావాళ్లకి సమానమైతే గెలుపు దానిదే. రూల్స్ అందరికీ తెలిసినట్టే ఉంటాయి కాబట్టి ముందు దీన్నే పెట్టేస్తారు. నిజానికి కొత్తవాళ్లకి ఇది కఠినం. మొదటి రాత్రి చచ్చినవాళ్లు ఆట అయ్యేదాకా ఖాళీ. బతికున్న మాఫియా మనిషి ‘నేను డిటెక్టివ్‌ని’ (రాత్రికొకరి పాత్ర తెలుసుకునే మనిషిని) అనాలంటే, ఏ రాత్రి ఎవరిని చూశాడో, ఏం తేలిందో ముందే అల్లిపెట్టుకోవాలి.

సంఖ్య దగ్గర జాగ్రత్త. ఇద్దరు మాఫియా, రాత్రి ఒకరిని కాపాడే డాక్టర్ లేడు, ఆట పగలుతో మొదలు అనుకోండి. ఏడుగురుంటే ఊరు రెండో తప్పు ఓటుకే ఓడుతుంది: 5కి 2, తప్పు ఓటుతో 4కి 2, రాత్రికి 3కి 2, ఇంకో తప్పుతో 2కి 2. ఎనిమిది మంది ఉన్నా రెండో తప్పు తర్వాతి రాత్రితోనే కథ ముగుస్తుంది. తొమ్మిది మంది ఉంటే మూడో తప్పుదాకా ఊరు బతుకుతుంది. అంటే ఎనిమిదో మనిషి చేరినా ఊరికి అదనపు అవకాశం రాదు, పగటికి బేసి సంఖ్య ఉండటమే లాభం. ఎనిమిది మందే ఉంటే రాత్రితో మొదలుపెట్టకుండా, ఆ ఎనిమిదో మనిషిని మోడరేటర్ చేయండి. సరి సంఖ్య, నడిపే మనిషి లేకపోవడం అన్న రెండు సమస్యలూ తీరతాయి.

టౌన్ ఆఫ్ సేలంలో మోడరేటర్ పని ఆటే చేస్తుంది. 7 నుంచి 15 మంది. పాత్రలు మాత్రం కొల్లలు, వాటిలో ఊరి ఓటుతో ఉరి వేయించుకుంటే గెలిచే జెస్టర్, ఒక్క మనిషిని ఉరి తీయించడమే లక్ష్యమైన ఎగ్జిక్యూషనర్ లాంటివీ ఉంటాయి. ఇక్కడ దొంగకి ఆటలో ఉన్న పాత్రలన్నీ ఏం చేస్తాయో తెలిసి ఉండాలి, పైగా చచ్చాక అందరికీ కనిపించే వీలునామాని నమ్మేలా రాయాలి. పేరు చూసి కొత్తవాళ్లని తోసేయకండి.

టెక్స్ట్‌లో రోజుల తరబడి సాగే మాఫియా ఒకే సమయానికి కూడలేని గుంపుకి పనికొస్తుంది. మధ్యలో మానేసేవాళ్ల స్థానంలోకి రావడానికి ఇద్దరిని ముందే అనుకుని ఉంచండి.

అయిదో మెట్టు: బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్

ఆట నడిపే స్టోరీటెల్లర్ కాక 5 నుంచి 20 మంది. చచ్చినవాళ్లు కూడా మాట్లాడతారు, ఒక్క ఓటు మిగులుతుంది, కాబట్టి ఖాళీగా ఎవరూ కూర్చోరు. కష్టమంతా సమాచారం తప్పు కావచ్చునన్న దగ్గరే. డ్రంక్ తాను ఫలానా ఊరివాణ్ణని నమ్ముతూ తప్పుడు కబురు మోస్తుంటాడు, పాయిజనర్ రాత్రికొకరి సమాచారాన్ని చెడగొడతాడు.

అయినా దొంగ పక్షానికి పెద్ద అయిన దెయ్యం పాత్ర కొత్తవాళ్లకి పడితే ఆట ఒక దారి చూపిస్తుంది. ఏడుగురు, అంతకు మించి ఉంటే, ఆటలో లేని మూడు మంచి పాత్రలేవో మొదటి రాత్రే దెయ్యానికి చెబుతారు. వాటిలో ఏది తనదని చెప్పుకున్నా ఎదురొచ్చే నిజమైన మనిషి ఉండడు. తోడు దొంగలెవరో కూడా తెలుస్తుంది. అయిదారుగురి ఆటలో ఈ రెండూ ఉండవు. చిన్న గుంపుతో నేర్చుకుందామని అయిదుగురితో మొదలుపెట్టడం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద తప్పు. ఏడుగురైతే అయిదుగురు ఊరివాళ్లు, ఒక మినియన్ (దెయ్యానికి తోడు దొంగ), ఒక దెయ్యం. ఎనిమిదో మనిషితో ఒక ఔట్‌సైడర్, అంటే మంచి పక్షంలోనే ఉండి దానికి అడ్డొచ్చే పాత్ర చేరుతుంది. స్క్రిప్టు (ఆటకి వాడే పాత్రల జాబితా) ట్రబుల్ బ్రూయింగే, అందులో 22 పాత్రలు. బ్యాడ్ మూన్ రైజింగ్, సెక్ట్స్ అండ్ వయొలెట్స్ అనే మిగతా స్క్రిప్టులు తర్వాతి సంగతి.

గుంపులో అందరికన్నా అనుభవజ్ఞుణ్ణి స్టోరీటెల్లర్‌ని చేయాలి. పాతవాళ్లు ఆడాలని ఉబలాటపడి కొత్తవాళ్లకి ఆ పని అప్పగిస్తే, రాత్రి ఒక్క పొరపాటు సమాచారంతో గంటన్నర ఆట కుప్పకూలుతుంది. గుసగుసలకి మూడు నాలుగు వాయిస్ గదులు సిద్ధంగా ఉంచండి.

ఏ ఆటయినా ఆన్‌లైన్‌లో చెడేవి

స్క్రీన్ షేర్ ఆపకపోవడంతోనే ఎక్కువ పాత్రలు బయటపడతాయి. పాత్రలు పంచే ముందు ‘షేర్ ఆపారా’ అని ఒకసారి అడగండి. ఒకే గదిలో ఇద్దరు కూర్చుంటే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. చచ్చినవాళ్లకి విడిగా గది పెట్టకపోతే మొదటి ‘అయ్యో’తోనే దొంగ తెలిసిపోతాడు. ఎనిమిది మంది దాటితే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒక్కొక్కరికీ 30 సెకన్ల చొప్పున ఒక వంతు ఇచ్చి తర్వాత వాదనకి వదలండి. ఆ వంతులో పాతవాళ్లు చివర మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్లు వాళ్ల మాటకే తలూపుతారు.

కొత్తవాళ్లకి దొంగ పాత్ర రాకుండా పాత్రలు ఏరి ఇవ్వడం దయలా కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసిన క్షణం మిగతావాళ్లు వాళ్లని అనుమానితుల జాబితాలోంచి కొట్టేస్తారు, ఆట సగం అక్కడే అయిపోతుంది. దాని బదులు పాత్రలన్నీ బయటపెట్టి ఒక నమూనా రౌండ్ ఆడించండి.

మొదట చెప్పిన ఆ ఎనిమిది మందికి వరుస ఇదీ: అండర్‌కవర్ రెండు రౌండ్లు, పాత్రలు లేని రెసిస్టెన్స్ ఒకటి, ఆ తర్వాత మెర్లిన్, అసాసిన్‌తో అవలాన్ ఒకటో రెండో. రెండో సాయంత్రానికి పెర్సివల్, మోర్గానా కలపండి. కొత్తవాళ్లు ముగ్గురూ ఒక్కొక్కసారైనా దొంగ పాత్ర దాటి, ఎవరూ అడగకుండానే తమంతట తాము ఒక జట్టుని ప్రతిపాదించడం మొదలుపెట్టాక క్లాక్‌టవర్‌కి తేదీ పెట్టుకోవచ్చు. ఆరోజు పాతవాళ్లలో ఒకరు స్టోరీటెల్లర్, మిగిలిన ఏడుగురితో ట్రబుల్ బ్రూయింగ్.